పిల్లల పాటకు యంత్రవాద్యపు తోడు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున ఆలంగాయములో జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు మాట్లాడుటకు లేచినచో పరీక్షా ఫలితములను గూర్చియో, పిల్లలను క్రమముగా బడికి పంపవలసిన అవసరమును గూర్చియో చెప్పునని మీరెరుగుదురు. ఈసారి ఆ రెంటిని నివేదికకు వదలివేసినాను. మన కార్యవర్గము ముందు ఒక ప్రశ్న ఉన్నది. పిల్లల పాటలకు వాద్యసహకారము కొరకు ఏటేటా విద్వాంసుని పిలిపించుటయా, లేక తనంతట తానే వాద్యములు వాయించు కంప్యూటరు సాఫ్ట్‌వేరును ఒక్కసారి కొని, ఆ ఖర్చును తప్పించుకొనుటయా? మన సంఘము ధనికమైనది కాదు. ప్రతి రూపాయి మీ కష్టార్జితము. కావున ఈ ప్రశ్నకు సమాధానము మీ సమక్షముననే చెప్పుట న్యాయము.

నిరుడు యంత్రమే చాలునని అందరికంటె గట్టిగా వాదించినవాడను నేనే. ఈ ఏడు ఆ మాటను సగము వెనుకకు తీసుకొనుచున్నాను. ఎందుచేతనో విన్నవించెదను.

నిరుడు జరిగినది మీలో పలువురికి జ్ఞాపకముండును. గురజాడ అప్పారావు గారు 1910లో రచించిన దేశభక్తి గేయమును అయిదవ తరగతి పిల్లలు పాడిరి. మా యువోపాధ్యాయు లొకరు శ్రద్ధతో కంప్యూటరు ముందు కూర్చుండి వాద్యసహకారమును సిద్ధము చేసిరి. వేదికపై లౌడుస్పీకరులో నుండి డ్రమ్ములు, గిటారు, వయొలిన్లు ఒక్కసారిగా మ్రోగినవి. సభ సంతోషించినది, నేనును సంతోషించితిని. మూడవ చరణమున ముందు నిలిచి పాడు బాలికకు ఒక్క మాట తట్టలేదు. ఒక్క ఊపిరి తీసుకొనునంత సేపు ఆగినది. యంత్రము ఆగలేదు. సగము మంది పిల్లలు యంత్రముతో పోయిరి, సగము మంది ఆ బాలికతో నిలిచిరి. పాట రెండుగా చీలిపోయినది. పిల్లలు ఇంకను రెండు పాదములు పాడవలసి యుండగనే యంత్రము ఘనముగా ముగింపు మ్రోగించి ఊరకున్నది. మీరు దయతో చప్పట్లు కొట్టితిరి. ఆ బాలిక మాత్రము తెర వెనుక చాలసేపు ఏడ్చినది. తప్పు తనదే అని ఆమె నమ్మినది. ఆ తప్పు ఎవరిదో తెలిసికొనవలెనని ఈ సంవత్సరమంతయు నేను కొంత చదివితిని, కొంత అడిగితిని, కొంత చేసి చూచితిని.

మొదట ఈ యంత్రము ఏమి చేయునో చెప్పెదను. దీనిని స్వయంచాలక వాద్యసహకార సాఫ్ట్‌వేరు అనవచ్చును. పాట ఏ వేగముతో నడచునో, ఒక్కొక్క ఆవృత్తమున ఏ స్వరమేళనము పలుకవలెనో, అనగా పాశ్చాత్యులు కార్డు అని పిలుచునది, మనము వ్రాసి ఇచ్చెదము. తరువాత ఒక బాణీని ఎన్నుకొందుము. వెంటనే డ్రమ్ములు, బాసు, పియానో, గిటారు మొదలగు వాద్యములన్నియు ఒక బృందము వాయించినట్లు వినవచ్చును. కెనడా దేశమున విక్టోరియా నగరమునందలి పీ.జీ. మ్యూజిక్ సంస్థ వారి బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్ ఈ జాతిలో పేరొందినది. 1990 నాటినుండి వాడుకలో ఉన్నది. అంగళ్లలో కనబడు పెద్ద కీబోర్డులలో కూడ ఇట్టి ఏర్పాటే కలదు. యమహా సంస్థ మన దేశము కొరకు ప్రత్యేకముగా తయారుచేసిన పీ.ఎస్.ఆర్.-ఐ వరుస కీబోర్డులలో భారతీయ వాద్యముల ధ్వనులను, మన తాళముల బాణీలను కూడ చేర్చినారు.

ఈ యంత్రములన్నిటికి మూలమైన లిపి ఒకటి కలదు. దాని పేరు మిడి. ఒక సంస్థ చేసిన వాద్యయంత్రము మరియొక సంస్థ చేసిన దానితో మాట్లాడగలుగుటకై 1983లో దీనిని ప్రపంచమునకు ఇచ్చిరి. ఇందుకు ముఖ్యముగా కృషి చేసిన అమెరికా దేశస్థుడు డేవ్ స్మిత్‌కును, జపాను దేశస్థుడు ఇకుటారో కకెహాషికిని 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారము లభించినది.

మిడి అనగా ధ్వని కాదు. ఇది మొదట నాకును అంతుపట్టలేదు. గుడియాత్తమునుండి వచ్చిన బంధువులు ఈ సభలో ఉన్నారు. నేతపని ఎరిగినవారు ఉన్నారు. వారికి ఒక్క మాటతో తెలియును. మగ్గముపై అంచున పూలు దించు జాకార్డు పెట్టెను మీరు చూచియుందురు. రంధ్రములు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుచుండును. ఏ పడుగు పోగు లేవవలెనో, ఏది లేవకూడదో ఆ రంధ్రములే చెప్పును. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమున జోసెఫ్ మరీ జాకార్డు దానిని 1804 నాటికి రూపొందించెను. ఆ అట్టలో నూలు లేదు, రంగు లేదు, పూవు లేదు. ఉన్నదంతయు ఆజ్ఞయే. అదే అట్టకు పట్టు పోసినచో పట్టుపూవు, నూలు పోసినచో నూలుపూవు.

మిడి అట్టిదే. ఏ మెట్టును నొక్కిరి, ఎంత బలముతో నొక్కిరి, ఎప్పుడు విడిచిరి అను మూడు సంగతులనే ముఖ్యముగా వ్రాసికొనును. మెట్లకు 0 మొదలు 127 వరకు సంఖ్యలు. నొక్కిన బలమునకును 127 వరకే సంఖ్యలు. ఒక్కొక్క దరువును 480 భాగములుగా విభజించి, ఏ భాగమున మెట్టు క్రిందికి పోయెనో గుర్తించుట సాధారణము. ఒకే తీగపై పదునారు వాద్యముల ఆజ్ఞలు వేరువేరుగా నడువగలవు. ఆ ఆజ్ఞలకు ఏ ధ్వని తొడుగవలెనన్నది మన ఇష్టము.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదను. ఆ అట్టకు రంధ్రములు పొడిచినది ఎవరు?

ఇందు రెండు మార్గములు కలవు. మొదటిది సూత్రమార్గము. ఒక ఆవృత్తమో రెండు ఆవృత్తములో ఉండు చిన్న ముక్కలను ముందే చేసి ఉంచుదురు. యంత్రము మన స్వరమేళనమునకు తగినట్లు వాటిని పైకి క్రిందికి జరిపి, ఒకదాని వెనుక ఒకటి అతికించుకొనుచు పోవును. లెక్కకు తప్పుండదు, కాని మొదటి చరణము ఎట్లుండునో ఆరవ చరణమును అట్లే ఉండును. రెండవది విద్వాంసుని మార్గము. నిజమైన వాద్యకారుడు కీబోర్డు ముందు కూర్చుండి పాటకు తగినట్లు చాలసేపు వాయించును. అతని వ్రేళ్ల బలము, తొందర, ఆలస్యము అన్నియు మిడి రూపమున నిలిచిపోవును. యంత్రము ఆ వాయింపులోని పెద్ద ఖండములను తీసికొని మన పాటకు కూర్చును. బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్ వారు ఇట్టి వాటికి మిడి సూపర్‌ట్రాక్స్ అని పేరు పెట్టినారు. ధ్వనిని యథాతథముగా పట్టి ఉంచిన రియల్‌ట్రాక్స్ అనునవి వేరు; అవి గ్రామఫోను రికార్డు వంటివి. విద్వాంసుడు వాయించిన మిడిలో ధ్వని ఉండదు, చేయి మాత్రము ఉండును.

చేయిని దాచి ఉంచుట నిన్నటి ఊహ కాదు. 1904లో జర్మనీ దేశపు వెల్టే సంస్థ వారు, పియానో వాయించు విద్వాంసుని స్పర్శను కాగితపు చుట్టలపై రంధ్రములుగా పట్టి, మరల పియానోచేతనే పలికించు యంత్రమును తెచ్చిరి. గుస్తావ్ మాలర్ అను గొప్ప సంగీత రచయిత 1905లో దానిముందు కూర్చుండి తన రచనలను కొన్నింటిని వాయించెను. ఆయన 1911లో మరణించెను. ఆయన వాయింపునకు గ్రామఫోను రికార్డు లేదు. ఆ కాగితపు చుట్టలే నేటికిని ఆయన చేతివాటమును వినిపించుచున్నవి. కాబట్టి యంత్రము మనిషిని పోగొట్టునని నేను చెప్పబోవుట లేదు. ఒక్కొక్కప్పుడు యంత్రమే మనిషిని నిలుపును. నిలుపుటకు ముందు మనిషి ఒకడు దానిముందు కూర్చుండవలెను, అంతే.

ఇక మన పాటకు వచ్చెదము. నిరుడు పాట చీలుటకు పిల్ల మరచుటయే కారణమని అందరు అనుకొనిరి. నేను తీరికగా ఆ గేయమును మాత్రలు లెక్కించి చూచితిని. తెలుగు ఉపాధ్యాయుడనై యుండియు ఆ పనిని ముందే చేయకపోయినందులకు సిగ్గుపడుచున్నాను. ఆ గేయము మూడు మాత్రలు, నాలుగు మాత్రలుగా మిశ్రగతిలో నడచును. పాదమునకు పదునాలుగు మాత్రలు. గురజాడ వారి ముత్యాలసరపు నడకయు ఇదియే. మా యంత్రములో మేము ఎన్నుకొన్న బాణీ నాలుగేసి దరువుల కవాతు బాణీ. పదునాలుగు మాత్రల పాదమును పదునారు మాత్రల గదిలో కూర్చుండబెట్టితిమి. మిగిలిన రెండు మాత్రలు ఎట్లు నిండవలెను? పిల్లలు హ్రస్వాక్షరములను సాగదీసి నింపిరి.

దీనివలన నష్టమేమని కొందరు అడుగవచ్చును. మన భాషలో కలము వేరు, కాలము వేరు. పలు వేరు, పాలు వేరు. తమిళమునందును ఇంతే కదా. కల్ అనిన రాయి, కాల్ అనిన కాలు. పొట్టి అక్షరమును పొడుగు చేసినచో మాట మారిపోవును. ఏ అక్షరము నిలువవలెనో, ఏది పరుగెత్తవలెనో పిల్లలకు చెప్పునది వ్యాకరణ పుస్తకము కాదు, పాట. ఆ పాటకు కాలు విరిచి, పిల్లలచేత ఆరువారములు అభ్యాసము చేయించితిమి. తట్టని ఆ ఒక్క మాటయు యంత్రము బలవంతముగా సాగదీయించిన చోటనే తట్టలేదు. తప్పు ఆ బాలికది కాదు. ఈ సభలో ఆమె తల్లిదండ్రులు ఉన్నారు. వారి ఎదుట ఈ మాట చెప్పుట నాకు ఋణవిమోచనము.

మరియొక చిక్కు కూడ కలదు. అన్ని యంత్రములకు సామాన్యముగా ఉండవలెనని 1991లో మిడి వాద్యముల జాబితా నొకదానిని నిర్ణయించిరి. అందు నూట ఇరువది ఎనిమిది పేర్లు. సితారు కలదు, షహనాయి కలదు. వీణ లేదు, నాదస్వరము లేదు. తాళవాద్యముల పట్టికలో మృదంగమునకు చోటు లేదు. కావలసినవారు ఆ ధ్వనులను వేరుగా తెచ్చుకొని చేర్చుకొనవలెను. గమకము సంగతియు అట్లే. మిడిలో స్వరమును వంచుటకు చక్రమొకటి కలదు. దానిని చక్కగా త్రిప్పుటకు రాగము తెలిసిన చేయి కావలెను. జాబితాలో లేనంత మాత్రమున మన వాద్యములు చిన్నవి కావు, జాబితా వ్రాసినవారు చెడ్డవారును కారు. మనకు కావలసిన దానిని మనమే చేసికొనవలెనని మాత్రము దానివలన తెలియుచున్నది.

ఈ ఏడు మేము చేసినది ఇది. మన ప్రాంతపు దేవాలయములలో మృదంగము వాయించు పెద్దాయన ఒకరున్నారు. మాతృభాష తమిళము. త్యాగరాజస్వామివారి తెలుగు కృతులకు నలువది యేండ్లకు పైగా వాయించిన చేయి అది. ఆయనను బడికి పిలిచి, కీబోర్డును ముందు పెట్టితిమి. మృదంగపు ధ్వనులను ముందుగానే మెట్లకు అమర్చియుంటిమి. ఆయన రెండు మూడు మెట్లు నొక్కి చూచి, చేతులు ఒడిలో పెట్టుకొని, తమిళములో ఇట్లనిరి: "పాప పాడనీయండి సారూ. పాట వినకుండ నేను దేనికి వాయించేది?"

ఆ బాలికనే పిలిపించితిమి. ఆమె భయపడుచునే పాడినది. ఆయన మొదటిసారి ఏమియు వాయింపలేదు. తొడపై వ్రేలితో మూడును నాలుగును లెక్కపెట్టుకొనుచు విన్నారు. రెండవసారి మెల్లగా తోడు వచ్చిరి. మూడవసారి పట్టి ఉంచితిమి. మెట్లపై ఎడమచేతి గుమికి నాదము సరిగా రాలేదని, చర్మము లేనిచోట మణికట్టుకు పనిలేదని నొచ్చుకొనిరి. అది నిజమే. ఆ లోపము మా మిడిలో ఇప్పటికిని ఉన్నది.

ఆ మరునాడు ఒక విశేషము జరిగినది. మా యువోపాధ్యాయులు ఆ వాయింపును కంప్యూటరు తెరపై చూచిరి. దరువులు గీతలపై సరిగా పడక, కొన్ని రవంత ముందు, కొన్ని రవంత వెనుక ఉండుట కనబడినది. క్వాంటైజ్ అను ఒక ఆజ్ఞ కలదు; అది నొక్కినచో దరువులన్నియు గీతలపైకి వచ్చి సైనికులవలె నిలుచును. ఆయన సదుద్దేశముతో దానిని నొక్కిరి. సాయంకాలము మృదంగము పెద్దాయన వచ్చి విని, "ఇది వాయించినది ఎవరు?" అని అడిగిరి. మేము ఒకరి ముఖమొకరము చూచుకొంటిమి. వెంటనే ఆ దిద్దుబాటును రద్దు చేసి, మొదటిదానిని బాలిక పాటతో కలిపి వింటిమి. దరువు ఎక్కడెక్కడ ఆలస్యమైనదో అక్కడెల్ల ఆ పిల్ల ఊపిరి తీసికొనుచున్నది. ఆయన చేయి ఆమె కొరకు ఆగినది. మేము తప్పనుకొని దిద్దినది ఆయన వినికిడిని.

తల్లిదండ్రులారా, నేను ఈ సంవత్సరము నేర్చుకొన్నది ఇదే. విద్వాంసుడు వాయించిన మిడిలో ఉండు విలువ ధ్వని మాధుర్యమున లేదు. ధ్వనిని మరల మార్చుకొనవచ్చును. ఒక మనిషి మరియొక మనిషి పాటను విని వాయించెను అను సంగతి అందు దాగియున్నది. సూత్రముతో అతికించిన బాణీ ఎవరి పాటను వినలేదు. అది మనకంటె ముందే పుట్టినది. మన తెలుగు అక్షరము దాని చెవిని ఎన్నడును సోకలేదు.

ఇట్లు సిద్ధమైన దానివలన కలిగిన లాభములను కూడ చెప్పవలెను. వేగమును తగ్గించినను శ్రుతి చెడదు. చిన్నపిల్లలకు మెల్లగా, పెద్దపిల్లలకు వడిగా అదే వాయింపును వినిపింపవచ్చును. మగపిల్లల గొంతుకు ఒక శ్రుతి, ఆడపిల్లల గొంతుకు ఒక శ్రుతి క్షణములో మార్చవచ్చును. మూడు నిమిషముల పాటను సాధారణపు ఎం.పీ.3 ధ్వనిగా ఉంచినచో దాదాపు మూడు మెగాబైట్లు పట్టును. మిడి రూపమున కొన్ని పదుల కిలోబైట్లు చాలును. అన్ని ఫోనులును మిడిని చక్కగా పలికింపలేవు గనుక, మేము దానినుండి మూడు వేగములలో ధ్వనిపాఠములను చేసి మీ వాట్సాపునకు పంపితిమి.

దాని ఫలము మేము ఊహింపనిది. ఒక అవ్వ బడికి వచ్చి, "మా మనవడు రాత్రి పాడుచుండగా నాకు తెలిసిన మాట ఒకటి తప్పు పలికినాడు, నేను దిద్దినాను, తప్పేమి కాదు కదా?" అని అడిగినది. ఆమెకు అక్షరములు రావు. బడిలో తాను దిద్దదగిన సంగతి ఒకటి ఉన్నదని ఆమెకు ఇంతవరకు ఎవరును చెప్పలేదు. మన పిల్లలు వీధిలో తమిళము మాట్లాడుదురు. అది మన ఊరి భాష, మనకు అన్నము పెట్టు భాష. పదవ తరగతి వరకు తమిళమును నేర్పవలెనని 2006లో చట్టము వచ్చినది. మన పిల్లలు దానిని శ్రద్ధగా చదువుచున్నారు, చదువవలెను కూడ. తెలుగు అక్షరము వారికి కనబడునది మాత్రము చాలవరకు బడి గోడల నడుమనే. గోడ దాటి ఇంటికి పోవునది పాట ఒక్కటే. అందుచేతనే పాట నడకను గూర్చి ఇంత పట్టుదల.

ఇక లోపములను దాచను. విద్వాంసుడు వాయించినదైనను, ఒకసారి పట్టి ఉంచిన తరువాత అది మరల వినలేదు. ఆ దినము ఆ బాలిక ఊపిరి తీసికొన్నచోట అది ఆగును. నేడు మరియొక పిల్ల మరియొకచోట ఆగినచో దానికి తెలియదు. వేదికపై మరల నిరుటి సంగతియే జరుగవచ్చును. ఇంటివద్ద అభ్యాసమునకు ఇది మంచి తోడు. సభలో పదిమంది ఎదుట పిల్ల నిలిచినప్పుడు, పిల్ల ముఖము చూచి వాయించు మనిషియే తోడు. ఈ సాయంకాలము మీరు వినబోవు గేయమునకు ఆ పెద్దాయన తన మృదంగముతో స్వయముగా కూర్చుండుటకు కారణము ఇదియే.

యంత్రములు వద్దను పెద్దలతో నేను ఏకీభవింపను. హార్మోనియము కూడ బయటనుండి వచ్చినదే. మెట్ల నడుమ గమకము పలుకదని ఆకాశవాణి వారు దానిని 1940లో నిషేధించి, 1971 వరకు సడలింపలేదు. అయినను మన పద్యనాటకమును హార్మోనియము లేకుండ ఊహింపగలమా? 1970ల చివర బెంగళూరున జి. రాజ్ నారాయణ్ గారు ఎలక్ట్రానిక్ తంబురను రూపొందించినారు. నేడు అట్టి పెట్టెలు లేని సంగీతపు ఇల్లు అరుదు. తంబుర పాటను వినవలసిన పనిలేదు, శ్రుతిని నిలిపిన చాలును. కనుక ఆ పని యంత్రమునకు చక్కగా అమరినది. మృదంగము పని అట్టిది కాదు. ఏ పని యంత్రమునకు అప్పగింపదగునో, ఏది తగదో తెలిసికొనుటయే వివేకము.

చివరి సంగతి ధర్మమునకు సంబంధించినది. ఒక్కసారి వాయించి ఇచ్చినచో ఇక ఆ విద్వాంసునితో మనకు పనిలేదని ఒక మిత్రుడు నాతో అనిరి. ఇది నేతగాని నమూనా అట్టను పుచ్చుకొని, నేతగానిని పంపివేయుట వంటిది. ప్రదర్శకునికి తన ప్రదర్శనపై హక్కు కలదని మన కాపీరైటు చట్టము 1994 సవరణలో గుర్తించినది. 2012 సవరణలో ఆ హక్కును ఇంకను విస్తరించినది. చట్టము సంగతి అటుండగా, ఇది మర్యాద సంగతి. మేము పట్టి ఉంచిన దానిపై ఆయన పేరు వ్రాసితిమి. ఎందుకు వాడుకొందుమో ముందే చెప్పి అనుమతి పొందితిమి. పట్టి ఉంచిన దినమునకు వేరుగా సంభావన ఇచ్చితిమి.

కావున కార్యవర్గమునకు నా విన్నపము ఇది. పెద్ద యంత్రమును కొనవలదు. ఉన్న కంప్యూటరు, చిన్న కీబోర్డు చాలును. విద్వాంసుని వార్షిక సంభావనను తొలగింపవలదు. ఏడాదికి మరి రెండు దినములు చేర్చి, పిల్లల పాటలను ఆయన విని వాయింపగా పట్టి ఉంచుదము. ప్రతి పాటకు ముందుగా తెలుగు ఉపాధ్యాయులు మాత్రలు లెక్కించి, గతి ఏదో నిర్ణయింతురు. ఆ బాధ్యత నాది. వేదికపై మాత్రము మనిషియే వాయించును.

తల్లిదండ్రులకు నా విన్నపము ఇంకను చిన్నది. రాత్రి భోజనమైన తరువాత పది నిమిషములు ఫోనులోని ఆ పాఠమును పెట్టి, పిల్లలను పాడనిండు. సంగీతము రాదని సంకోచింపవలదు. మాట తప్పినచో దిద్దుడు. అవ్వలను, తాతలను ప్రక్కన కూర్చుండబెట్టుడు. యంత్రము వాయించును గాని వినలేదు. వినుటకు ఇంటిలో ఎవరైన ఉండవలెను.

నిరుడు తెర వెనుక ఏడ్చిన బాలిక ఇప్పుడు ఆరవ తరగతి. ఈ సాయంకాలము ఆ గేయమును మరల ఆమెయే ముందు నిలిచి పాడును. మూడవ చరణమున ఆమె ఒక్క ఊపిరి ఆగినచో కంగారు పడకుడు. మృదంగము కూడ ఆగును.